తోలుబొమ్మ, పలక, సుగాలి కుట్టు: కళలూ హక్కులూ కలిపి వేసవి కోర్సు నడపడం ఎలా

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ముందు చెప్పేస్తాను. అనంతపురంలో మా బడిలో 12 రోజుల వేసవి కోర్సు పెట్టాం. పేరు మాత్రం ఘనంగా ఉంది: ‘మూలవాసుల కళలు, మానవ హక్కులు’. ప్రారంభం రోజు ఉరుములనే వాద్యం వాయించే బృందాన్ని పిలిచాం. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. అంతసేపూ వాళ్ళు వాద్యాలు మెడలో తగిలించుకుని గేటు దగ్గర ఎండలో నిలబడ్డారు. ఆయన వచ్చాక పది నిమిషాలు వాయించారు. శాలువాలు కప్పాం, ఫోటో దిగాం. తర్వాత లోపల ఫ్యాన్ల కింద మానవ హక్కుల మీద గంటన్నర ఉపన్యాసం. వెళ్ళిపోయే ముందు వాళ్ళ పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, ఎవరికీ వినపడకుండా అన్నాడు: “శాలువాలు ఇంట్లో ఏడుండాయి సార్. బస్సు చార్జీలిస్తే చాలు.”

రెండో ఏడాది కోర్సును ఆ మాట దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. కర్నూల్లోనో, కడపలోనో, మీ మండలంలోనో ఇలాంటిది పెట్టాలనుకుంటే, మేం తిన్న దెబ్బలు మీరు తినకుండా ఉండటానికి ఇది రాస్తున్నా.

1. పేరు, ఎవరిని పిలవాలి

కరపత్రం రాసేటప్పుడే మొదటి చిక్కు వస్తుంది. ‘ఇండిజినస్’ అనే మాటకు తెలుగులో ఏమనాలి? ఆదివాసీ అని ఒకరు, మూలవాసీ అని ఒకరు, గిరిజనులని సర్కారు కాగితాలు. రాజ్యాంగంలో ఉన్న మాట షెడ్యూల్డ్ తెగలు. ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటనను 2007 సెప్టెంబర్ 13న ఆమోదించింది. 144 దేశాలు అవునన్నాయి, 4 కాదన్నాయి. ఆ నాలుగూ అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. మన దేశం అవుననే ఓటేసింది గానీ, స్వాతంత్ర్యం నాటికి ఇక్కడున్న వాళ్ళూ, వాళ్ళ సంతతీ అంతా మూలవాసులే అన్నది మన ప్రభుత్వం వాదన. ఆ వాదనతో అసలు ప్రశ్న నీళ్ళలో ఉప్పులా కరిగిపోతుంది, అది వేరే సంగతి.

మన సీమలో లెక్క ఇంకా చిక్కు. నల్లమల చెంచులు ఏ నిర్వచనంలోనైనా ఇముడుతారు. సుగాలీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఉత్తరాది నుంచి తరతరాలుగా దిగివచ్చినవాళ్ళు. జాబితాలో షెడ్యూల్డ్ తెగ. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాట్లాడతాయి. పలక (డప్పు), ఉరుములు దళితుల చేతిలోని వాద్యాలు. వీళ్ళందరినీ ‘మూలవాసులు’ అని ఒకే గంప కింద పెడితే తప్పు.

మేం చివరికి చేసింది సులువైన పని. కరపత్రంలో కళల పేర్లే రాశాం. మనుషుల్ని ఏమని పిలవాలో వాళ్ళనే అడిగాం. తండాలో అవ్వ నవ్వి, “మీరు సుగాలీలంటారు, లంబాడీలంటారు. మేం మాత్రం గోర్ అనుకుంటాం” అంది. కోర్సు మొదటి రోజు మొదటి పాఠం అదే పెట్టండి: ఎవరి పేరు ఎవరు పెట్టారు? పిల్లలు తమ ఊళ్ళో ఒక్కో వాడకు వాడే పేర్లు బోర్డు మీద రాస్తే, వాటిలో తిట్లెన్నో వాళ్ళకే తెలుస్తుంది.

చెంచుల గురించి ఒక్క మాట. ఆత్మకూరు వైపు గూడేలకు పిల్లల్ని బస్సులో తీసుకెళ్ళి ‘చూపించే’ ఆలోచన చాలామందికి వస్తుంది. చేయకండి. అది పులుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతులు కావాలి, అది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, మనుషుల్ని చూడటానికి జూకు పోయినట్టు పోకూడదు. వాళ్ళలో ఎవరైనా వచ్చి పాఠం చెప్తామంటే, చార్జీలు, కూలి ఇచ్చి పిలవండి. లేదంటే 2006 అటవీ హక్కుల చట్టం మీద ఒక గంట చాలు. అడవి మీద, జీవవైవిధ్యం మీద తమకున్న సంప్రదాయ జ్ఞానానికి ఆ సమాజానికే హక్కు అని అందులో ఉంది. ఈ ముక్క తెలిసిన టీచర్లు తక్కువ.

2. తేదీలు, వేళలు

మన సెలవుల్ని బట్టి తేదీలు వేస్తే కళాకారులు దొరకరు. ఉగాది తర్వాత జాతరలు, పెళ్ళిళ్ళు. పలక, ఉరుములు వాయించేవాళ్ళకు నాలుగు రూపాయలు కళ్ళజూసే కాలం అదే. మన కోర్సు కోసం వాళ్ళు జాతర మానుకుంటే ఆ నష్టం మనం పూడ్చగలమా? కాబట్టి ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఏ రోజులు ఖాళీయో అడిగి, ఆ తర్వాతే కరపత్రం అచ్చు వేయండి. మేం ముందు అచ్చేసి తర్వాత 200 కాగితాల మీద పెన్నుతో తేదీలు దిద్దుకున్నాం.

తండాల్లో ఇంకో రకం. వేసవిలో సగం ఇళ్ళకు తాళాలుంటాయి. కదిరి చుట్టుపక్కల నుంచి బెంగళూరుకు, కేరళకు పనికి పోతారు. కుట్టు తెలిసిన అవ్వలు ఊళ్ళోనే ఉంటారు గానీ, మనవళ్ళ అన్నం, నీళ్ళు వాళ్ళమీదే. అవ్వను పిలిస్తే పిల్లలూ వస్తారని లెక్కేసుకుని టిఫిన్ చెప్పండి.

ఇక్కడి ఎండ మీకు చెప్పనక్కర్లేదు. పొద్దున 7 నుంచి 10:30 దాకా, అంతే. ఉగ్గాని, బజ్జీ పెడితే పిల్లలు ఆలస్యం చేయకుండా వస్తారు. మధ్యలో మజ్జిగ. 25 మందికి మించి తీసుకోకండి. ఎనిమిదో తరగతి దాటినవాళ్ళు, ఇంటర్, డిగ్రీ పిల్లలు కలిసి ఉంటే బాగుంటుంది. సర్కారు బడిలో పెడితే హెడ్మాస్టరుతో పాటు విద్యాశాఖ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. సెలవుల్లో తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా ముందే కనుక్కోండి. నవ్వకండి, మాకు రెండు పొద్దులు పోయాయి.

3. డబ్బు

కోర్సులో హక్కుల పాఠం మొదలయ్యేది ఇక్కడే. మాకు రెండో ఏడాది మొత్తం 62 వేలు అయింది. అందులో 34 వేలు కళాకారులకే పోయాయి. ముఖ్య కళాకారుడికి రోజుకు 1500, వెంట వచ్చే సహాయకుడికి 800, చార్జీలు వేరుగా. బ్యానరు, మెమెంటోలు, శాలువాలు, పూలదండలు కొట్టేశాం. ముఖ్య అతిథినీ కొట్టేశాం. ఆ ఒక్కదానితోనే ఎంత ఖర్చు, ఎంత టెన్షన్ తగ్గిందో చెప్పలేను.

రేటు మీరు చెప్పకండి, వాళ్ళనే అడగండి. చాలామంది “మీ ఇష్టం సార్” అంటారు. అది మర్యాదకు అనే మాట, ఒప్పందం కాదు. “జాతరలో అయితే ఎంత తీసుకుంటారు?” అని అడిగితే నిజమైన అంకె బయటికొస్తుంది. ఆ అంకెకు తగ్గకుండా ఇవ్వండి. ఏ రోజు డబ్బు ఆ రోజే చేతికో, ఫోన్‌పేలోకో వేయండి. చెక్కులు, ‘బిల్లు పాసయ్యాక’ అనే మాటలు వద్దు. వోచరు మీద సంతకం పెట్టించుకునేటప్పుడు అందులో ఏం రాశారో చదివి వినిపించండి.

ఈ లెక్క మొత్తం ఒక చార్టు మీద రాసి గోడకు అంటించాం. రెండో రోజు ఒక పిల్ల లేచి, “సార్, మీకెంత?” అని అడిగింది. నాకు సున్నా అని రాసి ఉంది గానీ ఆ అడగడమే నచ్చింది.

పిల్లల ఫీజు ఇవ్వగలిగిన వాళ్ళకు 500, మిగతావాళ్ళకు లేదు. మిగిలింది పాత విద్యార్థుల నుంచి. పెద్ద దాతను పట్టుకుంటే పెద్ద బ్యానరు కూడా అడుగుతాడు.

4. చేర్చుకునేటప్పుడే చెప్పాల్సిన మాట

దరఖాస్తులో ఒక వాక్యం తప్పక పెట్టండి: ‘ఈ కోర్సులో మేకతోలు, పలక చేత్తో ముట్టుకుని పనిచేయాలి. అందరూ కలిసి కూర్చుని తింటారు, నీళ్ళు ఒకే బానలోంచి తాగుతారు.’

ఎందుకంటే ఇది పెట్టని ఏడాది మూడో రోజు ఒక తండ్రి ఫోన్ చేశాడు. మా అమ్మాయికి తోలు పని వద్దు, బొమ్మ గీయడం వరకు నేర్పండి అన్నాడు. మాంసం తినని ఇల్లు అనుకుని మొదట సరేనన్నాను. తర్వాత పలక దగ్గర కూడా వద్దన్నాడు. అప్పుడర్థమైంది, బాధ తోలుతో కాదని, అది ఎవరి చేతిలోంచి వస్తుందో ఆ చేయితోనని. నిజంగా శాకాహారం వల్ల అయితే అట్ట మీద పని ఇవ్వొచ్చు, అందులో తప్పులేదు. రెండోది మాత్రం ఒప్పుకోవద్దు. గొడవ పడకుండా 17వ అధికరణం చదివి వినిపించండి. అంటరానితనం ఏ రూపంలో పాటించినా నేరం అని ఒకటిన్నర లైన్లలో ఉంటుంది. ఆ అమ్మాయి మాత్రం మానలేదు. చివరి రోజు పలక వాయించింది కూడా ఆమెనే.

5. ఒప్పుకోలు: ఫోను తీసే ముందు

ఒక పొద్దున తండా అవ్వ ‘ఢావలో’ అనే పాట పాడింది. పెళ్ళికూతురు పుట్టిల్లు విడిచిపోతూ ఏడుస్తూ పాడేది. పిల్లల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సాయంత్రానికి ఒక అబ్బాయి దాన్ని రీల్‌గా పెట్టేశాడు, పైన నవ్వుతున్న బొమ్మలతో. అవ్వ మనవడు బెంగళూరులో చూసి నాకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. “మా అవ్వ ఏడుపు మీకు నవ్వులాట అయిందా సార్?” అన్నాడు. రీల్ తీసేయించాం. మరుసటి రోజు ఆ అబ్బాయిని వెంటబెట్టుకుని తండాకు వెళ్ళి అవ్వకు క్షమాపణ చెప్పించాను. తప్పు నిజానికి నాదే, ముందు చెప్పనందుకు.

అంతర్జాతీయ పత్రాల్లో దీనికొక మాట ఉంది: ఒత్తిడి లేకుండా, ముందుగానే, అన్నీ తెలిసిన మీదట ఒప్పుకోవడం. మా కోర్సులో ఇది నాలుగు ప్రశ్నలుగా మారింది. పిల్లలు రికార్డు చేయాలంటే ముందు వీటిని నోటితో అడగాలి, జవాబును కూడా రికార్డు చేయాలి:

రికార్డు చేయొచ్చా? ఎవరెవరికి చూపించొచ్చు: మాకేనా, ఊరికా, అందరికీనా? మీ పేరు వేయాలా వద్దా? తర్వాత మీకు వద్దనిపిస్తే ఎవరికి చెప్తారు?

నాలుగో ప్రశ్న అందరూ మర్చిపోతారు. ఒక ఫోను నంబరు రాసి చేతికివ్వకపోతే, ఒప్పుకోలు వెనక్కి తీసుకునే హక్కు గాల్లో ఉన్నట్టే. అవ్వకు అర్థమయ్యే భాషలో అడగాలని వేరే చెప్పాలా? గోర్ బోలి వచ్చిన పిల్లలు తరగతిలో ఇద్దరున్నారు. అంతవరకు బడిలో ఆ భాష నోరు విప్పి మాట్లాడని వాళ్ళు, ఆ రోజు దుబాసీలయ్యారు.

ఇంకో సంగతి. జానపదం కాబట్టి ఎవరిదీ కాదు, ఎవరైనా వాడుకోవచ్చు అంటారు. సగం నిజం. పాటకు రచయిత లేకపోవచ్చు, కానీ పాడిన మనిషికి మన కాపీరైట్ చట్టంలోనే ప్రదర్శకుల హక్కు ఉంది, 50 ఏళ్ళ పాటు. ఆమెను అడగకుండా ఆమె గొంతు రికార్డు చేసి అమ్ముకోవడం కుదరదు.

6. పన్నెండు రోజులు

పొద్దున మొదటి రెండు గంటలు చేతిపని. చివరి గంట, ఆ చేతిపనిలోంచే వచ్చిన హక్కు గురించి మాటలు. విడిగా ఉపన్యాసాల రోజు పెట్టకండి, నిద్రపోతారు.

తోలుబొమ్మలు (2 నుంచి 4వ రోజు). నిమ్మలకుంట ధర్మవరం మండలంలోది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా కిందికి వచ్చింది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును నానబెట్టి, బొచ్చు గీకి, లాగి బిగించి ఎండబెడతారు. ఆరాక వెలుగులో పెడితే అప్పడంలా ఉంటుంది. తల, మొండెం, చేతులు విడివిడిగా కత్తిరించి దారంతో ముడేస్తారు. బొమ్మకున్న నగలన్నీ నిజానికి చిల్లులే. ఉలితో కొట్టిన చిల్లుల్లోంచి వెలుగు వచ్చి హారంలా, వడ్డాణంలా మెరుస్తుంది. ఒక కిరీటానికి ఎన్ని చిల్లులో పిల్లల చేత లెక్కపెట్టించండి. బొమ్మ ధర ఎక్కువని ఆ తర్వాత ఎవరూ అనరు.

పిల్లలకు మొదటి రోజే తోలు ఇవ్వకండి. మందమైన డ్రాయింగ్ షీటు మీద గీసి, కత్తిరించి, వెనకవైపు ఆముదం పట్టించి ఆరనిస్తే వెలుగు దాటుతుంది. చిల్లుల వెనక రంగు జిలటిన్ కాగితం అంటిస్తే రంగులు బాగా పడతాయి. మామూలు పోస్టర్ కలర్ వేస్తే తెర మీద నల్లగా కనిపిస్తుంది. మేం అలా ఒక హనుమంతుణ్ణి పాడుచేశాం. రెండో రోజు అరచేయంత తోలు ముక్క ఒక్కొక్కరికి. ఆ ముక్కలు కళాకారుడి దగ్గరే, ఆయన చెప్పిన ధరకే కొనండి. ఉలి కింద చెక్క మొద్దు పెట్టండి, ఒక మొద్దుకు ఇద్దరే. తెరకు రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టిస్తే చాలు. బల్బు ఒక్కటే ఉండాలి, ఆడించేవాళ్ళ తలల కన్నా ఎత్తులో. రెండు బల్బులు పెడితే రాముడికి రెండు నీడలు వస్తాయి. ఆడేటప్పుడు కాలికింద చెక్క వేసి తొక్కితే యుద్ధం వచ్చినట్టు మోగుతుంది. పిల్లలకు రాముడికన్నా ఆటలో నవ్వించే పాత్రలు కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ముందు పట్టుబడతారు. పట్టుబడనివ్వండి. ఊరి పెద్దల్ని ఎగతాళి చేసే హక్కు ఆటలో ఎప్పట్నుంచో ఆ ముగ్గురిదే.

ఈ మూడు రోజుల చివరి గంటల్లో మాట్లాడాల్సినవి: ఒకప్పుడు దేవుళ్ళ బొమ్మలకు జింకతోలు వాడేవారు, 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అది లేదు. అక్కడ చట్టం కళను మార్చింది. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఫలానా ప్రాంతపు వస్తువని పేరు నమోదు కావడం. అయితే జీఐ కాపాడేది పేరును. అదే బొమ్మను మిషను మీద ప్లాస్టిక్‌లో కొట్టి ఇంకో పేరుతో అమ్మితే జీఐ పెద్దగా ఏమీ చేయలేదు. రాత్రంతా ఆడే ఆటకు పిలుపులు తగ్గి, చాలా ఇళ్ళల్లో ఇప్పుడు ల్యాంప్‌షేడ్‌లు చేస్తున్నారు. ఇది కళ చావడమా, కళ బతకడమా? మా తరగతిలో దీనిమీద గంటసేపు కొట్టుకున్నారు. తేల్చడానికి నేను ప్రయత్నించలేదు. కళాకారుడు మాత్రం, “బొమ్మను ఆడిస్తే పేరు, దీపం చేస్తే అన్నం” అన్నాడు.

డాలరు నోటు కథ (5వ రోజు). వేరే దేశం నుంచి ఒక్క కథ చెప్పగలిగితే ఇది చెప్పండి. 1966లో ఆస్ట్రేలియా కొత్త డాలరు నోట్లు అచ్చేసింది. ఒక డాలరు నోటు వెనక ఒక చెట్టుబెరడు చిత్రం వాడారు. గీసింది ఆ దేశపు మూలవాసి డేవిడ్ మలంగి. ఆయన్ని ఎవరూ అడగలేదు. ఎవరో పాతకాలపు మనిషి గీసి ఉంటాడులే అనుకున్నారు. ఆ ప్రాంతంలో పనిచేసే ఒక బడిపంతులు నోటు చూసి గుర్తుపట్టి అడిగితే గానీ సంగతి బయటపడలేదు. తర్వాత ఆయనకు వెయ్యి డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సామాను ఇచ్చారు. ఇది చెప్పి ఆపి, “పతకం దేనికి, సామాను దేనికి?” అని అడగండి. మా వాళ్ళలో ఒకడు వెంటనే, “శాలువా లాంటిదే సార్” అన్నాడు. గేటు దగ్గరి పెద్దాయన సంగతి వాడికి తెలియదు.

ఇంకా సమయముంటే 1994 నాటి తివాచీల కేసు. ఆస్ట్రేలియా మూలవాసుల పవిత్ర చిత్రాలను వియత్నాంలో తివాచీల మీద నేయించి అమ్మారు. దేవుణ్ణి తొక్కుతూ నడిచినట్టే కదా. కళాకారులు కోర్టుకు వెళ్ళి గెలిచారు, నష్టపరిహారాన్ని తమ ఆచారం ప్రకారం పంచుకునే వీలు కూడా కోర్టు ఇచ్చింది. మన దగ్గరి ముచ్చట కావాలంటే 2025లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా, కొల్హాపురి చెప్పుల నమూనాను వాటి పేరు చెప్పకుండా వాడిన గొడవ ఉండనే ఉంది; పిల్లలకు అది ఫోన్లోనే తెలుసు.

ఆరో రోజు నిమ్మలకుంట ప్రయాణం. పొద్దున్నే బయల్దేరి పదకొండుకల్లా తిరిగి రండి. ఒక ఇంటికే అందరూ ఎగబడకుండా నలుగురు నలుగురుగా విడగొట్టండి. కొనుక్కునే పిల్లలు బేరమాడకూడదని ముందే చెప్పండి.

పలక, ఉరుములు (7, 8 రోజులు). తెలంగాణలో, కోస్తాలో డప్పు, మన వైపు పలక. గడ్డి మంట వేసి కాచి చర్మం బిగించడం, చిర్ర ఒక చేత, చిటికెన పుల్ల ఒక చేత పట్టడం పిల్లలకు పండగ. బడి ఆవరణలో మంట కాబట్టి రెండు బకెట్ల నీళ్ళు పక్కన ఉంచండి. దెబ్బలు నోటితో పలికిస్తూ నేర్పుతారు. మీరు నోట్సు రాయించకండి, చెవితోనే పట్టుకోనివ్వండి.

కష్టమైన మాటలు ఇక్కడ వస్తాయి. పలక చావుకు, జాతరకు, దండోరాకు ఊరంతటికీ కావాలి. వాయించే మనిషి మాత్రం గుడి బయటే. చాలా ఊళ్ళల్లో చావుకు వాయించడం ‘మీ పని’ అని కూలి లేకుండా చేయించుకున్న చరిత్ర ఉంది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఇవి మీరు చెప్పే ముందు వచ్చిన కళాకారుణ్ణి చెప్పనివ్వండి. చెప్పడం ఇష్టం లేకపోతే బలవంతం వద్దు. తన అవమానాన్ని పిల్లల ముందు విప్పి చూపించమని మనం కూలి ఇవ్వలేదు. మాకు వచ్చినాయన మొదటి రోజు ఒక్క ముక్క చెప్పలేదు. రెండో రోజు పిల్లలతో కలిసి ఉగ్గాని తిన్నాక, తానే మొదలుపెట్టాడు.

ఇంటర్ పైబడిన పిల్లలుంటే ఇంకో ప్రశ్న కూడా ఎత్తండి. సంప్రదాయం పేరుతో వచ్చిందంతా మెచ్చుకోవాలా? మన జిల్లాల పడమటి మండలాల్లో ఆడపిల్లల్ని బసివిగా, అంటే పెళ్ళి లేకుండా దేవుడి పేరు మీద, వదిలే ఆచారం ఉండేది. 1988లో రాష్ట్ర చట్టం దాన్ని నిషేధించింది. మూలవాసుల హక్కుల ప్రకటనలో కూడా 34వ అధికరణం, ఆచారాలు కాపాడుకునే హక్కు మానవ హక్కుల ప్రమాణాలకు లోబడే ఉంటుందని అంటుంది. ఎనిమిదో తరగతి పిల్లల ముందు ఈ చర్చ వద్దు. ఎవరి ఇంటి పేరూ, ఊరి పేరూ చెప్పనివ్వవద్దు.

సుగాలి కుట్టు (9వ రోజు). అద్దాలు, గవ్వలు, రంగు దారాలు ధర్మవరం బజారులో దొరుకుతాయి. ఒక రోజులో ఒక అద్దం నిలబెట్టి కుట్టగలిగితే గొప్ప. మగపిల్లలు ‘మాకెందుకు’ అంటారు, వినకండి. మాకు చివరికి నీటుగా కుట్టింది డిగ్రీ అబ్బాయే. సరిహద్దు అవతల బళ్ళారి జిల్లా సండూరు లంబాణీ కుట్టుకు జీఐ ఉంది. అదే కుట్టు మన తండాలో అవ్వ కుడితే ఆ పేరుతో అమ్ముకోవడానికి లేదు. గీత దాటితే హక్కు మారిపోవడం పిల్లలకు వింతగా ఉంటుంది.

ఆ రోజు చరిత్ర పాఠం నేరస్థ తెగల చట్టం. 1871లో తెల్లవాళ్ళు తెచ్చారు, 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకలలాంటి తెగలు పుట్టుకతోనే దొంగలని పోలీసు రిజిస్టరులో ఎక్కించారు. గంపలు అల్లుతూ, సోది చెప్తూ ఊరూరా తిరగడమే అనుమానమైంది. 1952కల్లా దేశమంతటా చట్టం పోయింది, అనుమానం పోయిందా అని అడగండి. కెనడాలోనూ పసిఫిక్ తీరం మూలవాసులు విందులిచ్చి, ముసుగులు ధరించి ఆడే పాట్లాచ్ పండగను 1885 నుంచి 1951 దాకా నేరం చేశారు. ఆడటం, తిరగడం నేరమయ్యాయంటే వెనక ఎవరి భూమి సంగతి ఉందో పిల్లలే వెతుకుతారు.

కాగితం రోజు (10వ రోజు). ఎక్కువమంది కోర్సుల్లో ఉండనిది ఇదే. పిల్లల చేత నిజమైన అర్జీలు రాయించండి. డప్పు కళాకారులకు ఎన్టీఆర్ భరోసాలో నెలకు 4000 పెన్షన్ ఉంది. మన మండలంలో ఎంతమందికి వస్తోంది, ఎన్ని దరఖాస్తులు ఆగి ఉన్నాయి అని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు పెద్దవాళ్ళ పేరు మీద పెట్టండి, ప్రశ్నలు పిల్లలవి. ‘ఎందుకు ఇవ్వలేదు’ అని రాస్తే జవాబు రాదు. ‘ఎన్ని, ఏ తేదీ, కాపీ ఇవ్వండి’ అని రాయాలి. మా పిల్లలు మొదట రాసిన అర్జీ నిండా ఆవేశమే, ప్రశ్న ఒక్కటీ లేదు. మూడుసార్లు దిద్దారు.

అదే రోజు చేతిపనివాళ్ళకు కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే పెహచాన్ కార్డు ఫారం చూపించండి. ఎస్సీ, ఎస్టీల మీద దాడులు, వివక్ష జరిగితే 14566కు ఫోన్ చేయొచ్చని రాయించండి. మానవ హక్కుల కమిషన్‌కు తెల్లకాగితం మీద రాస్తే చాలు, ఫీజు లేదు, జరిగిన ఏడాదిలోపు రాయాలి. 2021లో రాష్ట్ర కమిషన్ కార్యాలయం కర్నూల్లో పెట్టినప్పుడు మాకు చాలా దగ్గరైనట్టు అనిపించింది. రాసే ముందు ప్రస్తుత చిరునామా ఒకసారి చూసుకోండి.

పదకొండో రోజు రిహార్సలు. దీనికి చెప్పేదేం లేదు, గందరగోళంగానే ఉంటుంది.

7. చివరి రోజు, ఆ తర్వాత

ప్రదర్శన సాయంత్రం ఏడుకు, చీకటి పడ్డాక. వేదిక మీద కుర్చీలు వేస్తే కళాకారులకు వేయండి, లేకపోతే ఎవరికీ వద్దు. ఎవరు ఏం నేర్పారో, ఏ ఊరి నుంచి వచ్చారో పిల్లలే చెప్పాలి. పిల్లలకు ఇచ్చే సర్టిఫికెట్ల మీద హెడ్మాస్టరు సంతకం పక్కనే, నేర్పిన కళాకారుడి సంతకమో వేలిముద్రో ఉండాలి. కళాకారులకు కూడా బడి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇవ్వండి: ఫలానా తేదీల్లో మా పిల్లలకు బోధించారు అని. అది ఫ్రేము కట్టించుకునేది కాదు, దరఖాస్తులకు జత చేసుకునేది. అందుకే రెండు జిరాక్సులు కూడా చేతికివ్వండి.

రికార్డింగులన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించండి. ఒకటి బడి బీరువాలో, ఒకటి వాళ్ళ ఇంట్లో. ‘మాకేనా, ఊరికా, అందరికీనా’ అన్న జవాబు ఫైలు పేరులోనే రాసిపెట్టండి, లేకపోతే వచ్చే ఏడాది కొత్తవాళ్ళకు తెలియదు.

సమాచార హక్కు జవాబు వచ్చేసరికి జూన్ దాటుతుంది, పిల్లలు చెల్లాచెదురైపోతారు. అందుకని జవాబు చేరే చిరునామా బడిదే ఇవ్వండి. మాకు జూలైలో వచ్చింది, రెండు పేజీలు. ప్రార్థన అయ్యాక తొమ్మిదో తరగతి పిల్ల దాన్ని చదివింది. ఆగిన దరఖాస్తుల జాబితాలో, గేటు దగ్గర నిలబడ్డ పెద్దాయన ఊరు కూడా ఉంది. ఆ సాయంత్రం ముగ్గురు పిల్లలు జాబితా జిరాక్సు తీసుకుని ఆ ఊరి బస్సెక్కారు. చార్జీలు నేనిచ్చాను.